కొండల కథలు – 11: యవనుల మధువు

2023 నవంబర్ 1. ఇటలీలోని టస్కనీలో, సియెనా నగరానికి దగ్గరగా ఉన్న బోర్గో సాన్ ఫెలీచే అనే పాతకాలపు పల్లెలో వరుణ్ తేజ్, లావణ్య త్రిపాఠీల పెళ్ళి జరిగింది. జూబ్లీహిల్స్ నుంచి చిరంజీవి, పవన్ కల్యాణ్, రామ్ చరణ్, అల్లు అర్జున్ కుటుంబాలు తరలివెళ్ళాయి. నాలుగు రోజుల తర్వాత హైదరాబాద్‌లో రిసెప్షన్. పెళ్ళికూతురి చీర గురించీ, మండపం గురించీ మన పత్రికలు పేజీలకు పేజీలు రాశాయి. ఆ పల్లె గురించి మాత్రం నాకు కనబడింది తక్కువ. బోర్గో సాన్ ఫెలీచే ఉన్నది కియాంటీ క్లాసికో సీమలో. ఊరి చుట్టూ ద్రాక్ష తోటలే. ఆ ఎస్టేటుకు సొంత వైన్ ఉంది. 1968లో అక్కడ తయారైన ‘విగొరెల్లో’ ఇటలీ వైన్ చరిత్రలో ఒక మలుపు. కియాంటీలో తెల్ల ద్రాక్ష కూడా కలిపి తీరాలన్న నిబంధన ఉన్న రోజుల్లో, దాన్ని పక్కనపెట్టి ఎర్ర ద్రాక్షతోనే చేసిన వైన్ అది. కియాంటీ అన్న పేరు వదులుకోవాల్సి వచ్చినా వెనక్కి తగ్గలేదు.

కిందటి భాగంలో రాళ్ళగుట్టల మీద అన్నపూర్ణ స్టూడియోస్ లేచిన కథ చెప్పుకున్నాం. ఈసారి ఆ గుట్టల మీది భోజనాల బల్లల దగ్గరికి వెళ్దాం. ఇవాళ జూబ్లీహిల్స్‌లో పాస్తా పళ్ళెం పక్కన ఎర్ర వైన్ గ్లాసు కనబడితే, నిన్నగాక మొన్న దిగిన విదేశీ మోజు అనుకుంటాం. ఇటలీ వైన్ తెలుగువాళ్ళ ఏలుబడిలోకి వచ్చి దాదాపు రెండు వేల ఏళ్ళయింది. కొత్తగా వచ్చింది వైన్ కాదు, దాన్ని భోజనంతో కలిపి తాగే పద్ధతి. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరమే ఈ భాగంలో నేను చెప్పదలచుకున్న కథ.

క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో ఈజిప్టు నుంచి బయల్దేరిన గ్రీకు (మన మాటలో యవన) వర్తకుడెవరో ‘ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్’ అనే పుస్తకం రాశాడు. ఏ రేవులో ఏ సరుకుకు గిరాకీ ఉందో, ఏ నెలలో ఓడ విప్పాలో చెప్పే వ్యాపారి చేతిపుస్తకం అది. అందులో బరుకచ్ఛం, అంటే నేటి గుజరాత్‌లోని భరూచ్ రేవులో దిగే సరుకుల జాబితా ఉంది. ఆ జాబితా వైన్‌తోనే మొదలవుతుంది. ఇటలీ వైన్ అయితే మరీ ఇష్టపడతారట, ఆ తర్వాత లవొడికియాది, అరేబియాది. బరుకచ్ఛం నుంచి దక్షిణంగా ఇరవై రోజులు నడిస్తే పైఠాన్, అక్కడి నుంచి తూర్పుగా పది రోజులు నడిస్తే తగర అని కూడా ఆ రచయిత రాశాడు. పైఠాన్ అంటే ప్రతిష్ఠానపురం, గోదావరి ఒడ్డున శాతవాహనుల రాజధాని. అదే పుస్తకంలో మన తీరాన్ని ‘మసాలియా’ అన్నాడు. సన్నని నూలుబట్టకు పేరుపడిన తీరం. మచిలీపట్నం పేరు అందులో వినబడటం లేదూ?

ఆ వైన్ ఏ రూపంలో వచ్చేదో మట్టి చెప్పింది. రెండు చెవులు, మొనదేలిన అడుగు ఉన్న ఆంఫొరా అనే జాడీలు. లోపల గుగ్గిలంలాంటి బంక పూసేవారు. ఒక్కో దానిలో సుమారు 25 లీటర్లు. 1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడులో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపినప్పుడు వాటి పెంకులు దొరికాయి. వాటిలో కొన్ని ఇటలీలోని కంపానియా సీమవని ఆ తర్వాతి పరిశోధకులు గుర్తుపట్టారు. నేపుల్స్ ఉన్న సీమ అది. రోమ్ నాణేల సంగతి చెప్పనక్కర్లేదు. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో వెండి నాణేల కుండే బయటపడింది. కొండాపూర్‌లో, పెదబంకూరులో, వినుకొండలో, నాగార్జునకొండలో కూడా దొరికాయి. మిరియాలకీ ముత్యాలకీ సన్నబట్టలకీ మన బంగారమంతా భారతదేశానికి పోతోందని రోమ్ రచయిత ప్లినీ గోల పెట్టాడు. ఏడాదికి ఐదు కోట్ల సెస్టర్సులని లెక్క కూడా చెప్పాడు.

వీటన్నిటికన్నా నా మనసును పట్టుకున్నది ఒక రాతిబొమ్మ. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కోట తవ్విన చోట ఒక స్తంభం దొరికింది. దాని మీద గడ్డం పెంచుకుని, నడుము పైన బట్ట లేకుండా నిలబడ్డ మనిషి. చేతిలో కొమ్ముపాత్ర. గ్రీకుల వైన్ దేవుడు డయొనిసస్ పోలికలే అవి. ఆ దేవుణ్ణే రోమన్లు బాకస్ అన్నారు. కృష్ణ ఒడ్డున తెలుగు శిల్పి ఉలి ఆ రూపాన్ని చెక్కిందంటే, ఆ రూపాన్నీ, ఆ పాత్రలో ఉండేదాన్నీ ఎరిగినవాళ్ళు ఆ ఊళ్ళో తిరిగారన్నమాట. సాగర్ డ్యామ్ నీళ్ళు లోయను ముంచక ముందే, 1954–60 మధ్య జరిగిన తవ్వకాలు ఇలాంటివాటిని ఒడ్డుకు చేర్చాయి. పడవెక్కి ద్వీపం మీది మ్యూజియానికి వెళ్ళేవాళ్ళు ఆ స్తంభం దగ్గర కాసేపు ఆగండి.

వచ్చిన వైన్ మాత్రం రేవు దాటి, కోట దాటి, పల్లెలోకి రాలేదు. ఓడలో నెలలు ప్రయాణం చేసి వచ్చిన సరుకు రాజులకీ, శ్రేష్ఠులకీ తప్ప ఎవరికి దక్కుతుంది? మన పల్లెకు తాడి ఉంది, ఈత ఉంది, ఇప్పపువ్వు ఉంది. 13వ శతాబ్దం చివర్లో వెనిస్ వర్తకుడు మార్కోపోలో ‘ముత్ఫిలి’ గురించి రాశాడు. అది మన మోటుపల్లి. ఏలుతున్నది రుద్రమదేవి. అక్కడి వజ్రాలనూ, సాలెగూడులాంటి బట్టనూ మెచ్చుకున్నాడు. దానికి దక్షిణాన ఉన్న తీరం గురించి చెబుతూ, అక్కడ వైన్ తాగేవాడి సాక్ష్యం చెల్లదని రాశాడు. ద్రాక్ష పుట్టిల్లులాంటి దేశం నుంచి వచ్చినవాడికి అదెంత వింతగా తోచి ఉంటుంది! గోల్కొండ కాలంలో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియె భాగ్యనగరంలో చూసింది కూడా కల్లునే. తోలుతిత్తుల్లో నింపి గుర్రాల మీద ఊళ్ళోకి తెచ్చేవారు. దాని మీద పన్ను సుల్తాను ఖజానాకు.

మాట విషయంలోనూ ఇదే జరిగింది. మనకు ద్రాక్ష అంటే కవిత్వం. నోట్లో వేసుకోగానే కరిగే కవితను ద్రాక్షాపాకం అన్నాం. ద్రాక్ష అంటే మందు కూడా. నీరసపడ్డవాళ్ళకు అమ్మమ్మ పోసిన ద్రాక్షారిష్టం ఆరెపువ్వు వేసి పులియబెట్టిందే. గుళ్ళో ప్రసాదం కాని ద్రాక్షారసం చర్చిలో ప్రసాదమైంది. 1855 నుంచీ ఇటలీలోని మిలాన్ మిషనరీలు హైదరాబాద్‌కూ, తెలుగు పల్లెలకూ వచ్చారు. పూజలో ద్రాక్షతో చేసిన వైనే వాడాలన్నది కథోలిక నియమం. ఇన్ని రూపాల్లో ద్రాక్ష మన దగ్గరికి వచ్చింది. అన్నం పళ్ళెం పక్కకు మాత్రం రాలేదు.

ఇక ‘వైన్స్’. తెలుగునాట ఈ మాటకు వచ్చిన అర్థం ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదేమో. ఏ ఊరి మెయిన్ రోడ్డులోనైనా ఫలానా వైన్స్ అని బోర్డు ఉంటుంది. లోపల విస్కీ, బ్రాందీ, బీరు. అసలైన వైన్ సీసా అడిగితే పై అరలో దుమ్ము పట్టినది ఒకటో రెండో. చాలాకాలం ఆ ఒకటీ ‘గోల్కొండ రూబీ’లాంటి తియ్యటి పోర్టు రకమే. చలి చేసినప్పుడు, కడుపు నొచ్చినప్పుడు చెంచాడు పుచ్చుకునేదిగా దానికి పేరు. పేరు వైన్‌ది, వ్యాపారం సారాది. ఈ గందరగోళం వల్ల ఆ మాట చుట్టూ మన ఇళ్ళలో భయం పేరుకుపోయింది.

ఆ భయం అన్యాయమైంది కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం పాఠాలు చదువుకున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు ఊరూరా మోగింది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబర్‌లో మళ్ళీ ముఖ్యమంత్రి అయిన ఎన్.టి. రామారావు మాట ప్రకారం 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలు చేశారు. తెలుగు సినిమా కన్న మహానటుడే తెలుగునాట గ్లాసు దించేశాడు. ఆ రెండేళ్ళూ ఫిల్మ్‌నగర్‌కూ అదే చట్టం. 1997 ఏప్రిల్‌లో నిషేధం సడలింది. కూలి డబ్బులు సారా కొట్టుకు పోయిన ఇళ్ళలో తల్లులు చేసిన ఆ పోరాటాన్ని ఇటలీ వైన్ ముచ్చట చెప్పేవాళ్ళెవరూ తక్కువ చేసి మాట్లాడకూడదు. నేనూ మాట్లాడను. భోజనంతో ఒక్క గ్లాసు అన్న పద్ధతికి విలువ తెలియాలంటే, భోజనం మానేసి తాగిన ఇళ్ళు ఏమయ్యాయో కూడా తెలియాలి.

వెండితెర మీదా గ్లాసు అంటే పతనమే. 1953 ‘దేవదాసు’లో సీసాతో చెరగని రూపం పొందిన అక్కినేని నాగేశ్వరరావు, ఆ మత్తుకళ్ళ కోసం రాత్రి షూటింగులకు ముందు కడుపునిండా పెరుగన్నం తిన్నారని చెప్పుకుంటారు. తెర మీద తాగుబోతును పుట్టించింది కూడా మన భోజనమే అన్నమాట. తర్వాతి దశాబ్దాల్లో ఎర్రటి ద్రవం ఉన్న పొడుగుకాడ గ్లాసు విలన్ చేతిలోనో, వ్యాంప్ చేతిలోనో తప్ప కనబడేది కాదు. ఇప్పుడు కథలే ఇటలీకి వెళ్తున్నాయి. 2022లో వచ్చిన ‘రాధేశ్యామ్’ కథ నడిచేది 1970ల నాటి ఇటలీలో.

తెర సంగతి పక్కనపెట్టి బల్ల దగ్గరికి వస్తాను. దుర్గం చెరువు మీదికి చూస్తూ ఉండే రోడ్ నంబర్ 46లోని ఆలివ్ బిస్ట్రోలో సాయంత్రం కూర్చుంటే కింద నీళ్ళు కనబడతాయి. ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరు ఇచ్చిందని చెప్పే చెరువు అది. జూబ్లీహిల్స్‌లో ఇటలీ వంట వడ్డించే చోట్లు ఇంకా ఉన్నాయి. స్క్రిప్టు చర్చలూ, కాల్షీట్ల మాటలూ, పుట్టినరోజులూ అక్కడ జరుగుతుంటాయి. చాలామంది వైన్ ముందు తాగేసి తర్వాత తింటారు. మన ‘మందు, తర్వాత ముద్ద’ అలవాటు అది. ఇటలీవాడి లెక్కలో వైన్ ఒక వ్యంజనం. మనకు చారు ఎలాగో అలాగ. ముద్దకూ ముద్దకూ మధ్య గుక్క.

ఈ లెక్క తెలుగువాడికి చెప్పడం తేలిక. ముద్దపప్పులో నెయ్యి వేసి ఆవకాయ నంజుకుంటాం. కారాన్నీ పులుపునూ నెయ్యి పట్టుకుంటుంది. గోంగూరకు పచ్చి ఉల్లిపాయ కావాలి. రాగిసంకటికి నాటుకోడి పులుసు కావాలి. వీటిని ఎవరూ మనకు బడిలో నేర్పలేదు. ఏ పక్కన ఏది ఉంటే రుచి పెరుగుతుందో నాలుక తరతరాలుగా తేల్చుకుంది. ఇటలీలో అదే పని ద్రాక్షతో జరిగింది. ఏ సీమ వంటకు ఆ సీమ ద్రాక్ష.

టస్కనీ ద్రాక్ష పేరు సాంజొవేసె. కియాంటీ క్లాసికో అని సీసా మీద రాయాలంటే అందులో 80 శాతమైనా అదే ఉండాలి. ఆ సీమ ఎల్లలను 1716లోనే కోసిమో మెడిచి శాసనంతో గీశారు. మోటుపల్లి వర్తకులకు గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం గుర్తొస్తుంది నాకు. సీసా మెడ మీద నల్లకోడిపుంజు ముద్ర ఆ సీమ గుర్తు. సాంజొవేసెలో పులుపు ఎక్కువ. టమాటా సాస్‌లోనూ పులుపే. పుల్లటి కూర పక్కన పులుపు లేని వైన్ పెడితే చప్పగా పడిపోతుంది, పులుపున్నదైతే రెండూ నిలబడతాయి. అందుకే టమాటాతో వండిన పాస్తాకు కియాంటీ, పిజ్జాకు పీడ్‌మాంట్ సీమ బార్బెరా. బార్బెరాలో పులుపు గట్టిగా, వగరు తక్కువగా ఉంటుంది. మనవాళ్ళ నోటికి ముందు నచ్చేది అదేనని నా అనుభవం.

వగరు సంగతి వేరు. ద్రాక్ష తొక్కలోంచీ గింజలోంచీ వచ్చే టానిన్ అది. చిక్కటి డికాషన్‌లోనూ, పచ్చి వక్కలోనూ తగిలే గుణం. నోట్లోని లాలాజలపు మాంసకృత్తులను పట్టేసి నాలుకను పొడిబారుస్తుంది. మాంసం, కొవ్వు, జున్ను తగిలితే ఆ పట్టు సడలుతుంది. బరోలో అనే వైన్ నెబ్బియోలో ద్రాక్షతోనే చేస్తారు. అమ్మకానికి ముందు 38 నెలలైనా పండాలి, అందులో 18 నెలలు కర్రపీపాల్లో. ఆ వగరును ఒట్టిగా తాగి ముఖం చిట్లించుకునేవాళ్ళను చూశాను. గంటల తరబడి ఉడికిన మాంసంతో తాగితే అదే వైన్ గులాబీ, తారు కలిసిన వాసనతో తెరుచుకుంటుంది. మా రాయలసీమ మిత్రుడొకరు బరోలో తాగి, “అన్నా, దీనికి పొట్టేలు తలకూర కావాల్సింది” అన్నారు. కారం తగ్గిస్తే ఆయన మాట నిజమే.

కారమే అసలు చిక్కు. మన ఊళ్ళో అరబియాటా పాస్తా అడిగితే, మన నాలుక తెలిసిన వంటవాళ్ళు గుంటూరు మిరప దండిగా వేస్తారు. ఒకసారి అలాంటి పాస్తాతో 14 శాతం ఆల్కహాల్ ఉన్న ఎర్ర వైన్ తాగాను. నోరు మండిపోయింది. మిరపకారం, ఆల్కహాల్ ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. వగరు చేదెక్కుతుంది. కారం తినాలనుకున్న రోజు తేలికపాటి ఎర్ర వైన్ తీసుకోవాలి, లేదా వైన్‌నే ఆ పూటకు వదిలేయాలి. ఇంకో మాట. ఎర్ర వైన్‌ను గది వేడిలో తాగమని పుస్తకాలు చెప్పేది యూరప్ రాతి ఇళ్ళను చూసి. 16–18 డిగ్రీలు దాని కొలత. మే నెల జూబ్లీహిల్స్‌లో ఎర్ర వైన్‌ను కూడా అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయాలి.

సిసిలీ దీవిలో వంకాయతో కపొనాటా అనే తీపి–పులుపు కూర చేస్తారు. దాని పక్కన నీరో దావోలా అనే నల్ల ద్రాక్ష వైన్. వంకాయ మన వైపు నుంచే అరబ్బుల చేతుల మీదుగా అక్కడికి చేరింది. గుత్తి వంకాయ తిన్న నోటికి కపొనాటా చుట్టంలా తగులుతుంది. బియ్యం కూడా తూర్పు నుంచి వెళ్ళిందే. అదే మిలాన్‌లో రిసోట్టో అయింది. వెళ్ళినవాటిని వాళ్ళు తమ పళ్ళెంలో కలుపుకున్నారు. మన దగ్గరికి వచ్చిన ద్రాక్షతో మనం ఆ పని చేయలేదు.

అలాగని ద్రాక్ష మన నేలకు పరాయిది కాదు. 19వ శతాబ్దం చివర్లో అబ్దుల్ బాఖర్ ఖాన్ అనే ఆయన హైదరాబాద్‌లో ఒక తీగ నాటారు. పొడుగాటి, లేత పసుపు పళ్ళు. పేరు అనాబ్–ఎ–షాహీ, రాచద్రాక్ష. నగరం చుట్టూ శామీర్‌పేట, మేడ్చల్, కొంపల్లి వైపు పందిళ్ళు వేశారు. ఎకరానికి వచ్చిన దిగుబడి చూసి ఇతర రాష్ట్రాల రైతులు ఆశ్చర్యపోయేవారు. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రమే వెలిసింది. అది తినే పండు, వైన్‌కు కావలసిన పులుపూ రంగూ దానిలో లేవు. బోర్లు ఎండాయి, భూమి ధర పెరిగింది, పందిళ్ళు పడి ప్లాట్లు లేచాయి. ఆ తోటల్లోంచి వచ్చిన బుట్టలు తిన్నవాళ్ళం ఇంకా ఉన్నాం.

ఈ కథలో తెలుగువాళ్ళ చేతి అధ్యాయం ఒకటి ఉంది, దాన్ని చెప్పకుండా ముగించలేను. 1420 ప్రాంతంలో వెనిస్ మనిషి నికోలో కాంటి విజయనగరం చూశాడు. వందేళ్ళ తర్వాత, శ్రీకృష్ణదేవరాయల రోజుల్లో వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ ఆ ఊరి అంగడిలో ద్రాక్ష రాశులు చూసి, పణానికి మూడు గుత్తులని ధర కూడా రాసుకున్నాడు. ఇప్పుడు అదే హంపి కొండల సీమలో, కొప్పళ జిల్లాలో, హైదరాబాద్ ఔషధ పరిశ్రమకు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు ద్రాక్ష తోట వేశారు. కృష్ణలోంచి, ఉమలోంచి అక్షరాలు తీసి ‘క్రస్మా’ అని పేరు పెట్టారు. వాళ్ళు పండిస్తున్న రకాల్లో టస్కనీ సాంజొవేసె ఉంది. మహారాష్ట్రలోని అక్లూజ్‌లో ఇటలీ సోదరులతో కలిసి స్థాపించిన ఫ్రతెల్లి సంస్థ కూడా ఆ ద్రాక్షతో వైన్ చేస్తోంది. దిగుమతి వైన్ మీద ఏళ్ళ తరబడి 150 శాతం సుంకం ఉన్న దేశంలో, ఇటలీ ద్రాక్ష రుచి తెలుసుకోవాలనుకునేవాళ్ళకు ఇవి దగ్గరి దారులు. తాగే అలవాటు లేనివాళ్ళు ఈ కథ చదివి మొదలుపెట్టాలని నేను కోరను. అలవాటు ఉన్నవాళ్ళు మాత్రం గ్లాసును అన్నం పక్కకు తెచ్చుకోండి.

చివరిగా పాఠకులకు ఒక విన్నపం. మీ ఇంట్లో హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్ష పందిళ్ళ ఫొటోలు, పళ్ళు అమ్మిన తూకం చీటీలు, అనాబ్–ఎ–షాహీ తీగ నాటిన తాతల ఉత్తరాలు ఉంటే పారేయకండి. వాటి నకళ్ళు పత్రికకు పంపండి. ఏ తోట ఎక్కడ ఉండేదో, ఏ సంవత్సరంలో పోయిందో రాయండి. ఆ పందిళ్ళ కథ ఒక భాగంగా ఈ శీర్షికలోనే వస్తుంది.